మొదటి మజిలీలోనే జరగాల్సిన పరీక్ష

ఖరగ్‌పూర్ గోల్‌బజార్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో ఎవరికైనా జబ్బు ముదిరిందంటే రైళ్ల టైము చూసుకోవడం కూడా వైద్యంలో ఒక భాగమే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వర్క్‌షాపులో, యార్డులో పనులకు వచ్చి తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన జనం వీళ్లు. ఆసుపత్రి దారి వీళ్లకు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ముందు వీధి చివర మందుల షాపు. తర్వాత దగ్గర్లోని నర్సింగ్ హోమో, రైల్వే ఆసుపత్రో, సబ్‌డివిజనల్ ఆసుపత్రో. అక్కడ కుదరకపోతే కంసావతి దాటి మిడ్నాపూర్ మెడికల్ కాలేజీ. అక్కడా చేతులెత్తేస్తే 115 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతా. చేతిలో నాలుగు డబ్బులు, వెంట వెళ్లేందుకు ఒక మనిషి ఉంటే భువనేశ్వర్, విశాఖ, వేలూరు. మోకాలి ఆపరేషన్‌కో, గుండెలో స్టెంటుకో ఈ దారి సరిపోతుందేమో గానీ, రక్తంలోకి ఎక్కిన ఇన్‌ఫెక్షన్ ఇన్ని మజిలీలు దాటేదాకా ఆగదు. రోగి రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉందో, అది ఏ మందుకు లొంగదో త్వరగా చెప్పే మాలిక్యులర్ పరీక్షలు మన దేశంలోకి వచ్చి కొన్నేళ్లయింది. పెద్ద నగరాల పెద్ద ఆసుపత్రులు వాటిని వాడుతున్నాయి. ఆ పరీక్షలు ఈ ప్రయాణం ముగిసే చోట కన్నా మొదలయ్యే చోట ఎక్కువ అవసరమన్నది నా వాదన. చివరి మజిలీలో ఎంత గొప్ప యంత్రాన్ని పెట్టినా, మొదటి మజిలీలో పోయిన సమయాన్ని, సమాచారాన్ని అది తిరిగి తెచ్చిపెట్టలేదు.

ముందు జబ్బు ఎంత పెద్దదో చూద్దాం. ఒంట్లో ఎక్కడో మొదలైన ఇన్‌ఫెక్షన్‌కు శరీరం చూపే ప్రతిస్పందన అదుపు తప్పి, కిడ్నీలు, ఊపిరితిత్తులు, గుండె ఒక్కొక్కటిగా దెబ్బతినడమే సెప్సిస్. సూక్ష్మజీవి రక్తంలోనే తిరుగుతుంటే ప్రమాదం మరీ ఎక్కువ. 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, 2017 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చింది, 1 కోటి 10 లక్షల మంది చనిపోయారు. ఆ మరణాల్లో సుమారు 29 లక్షలు మన దేశంలోవే. మన దేశంలో 35 ఐసీయూలలో జరిపి 2022లో ప్రచురించిన ఒక సర్వేలో, లెక్క తీసిన రోజు మంచాల మీద ఉన్న రోగుల్లో సగానికి మించి సెప్సిస్‌తో ఉన్నారని తేలింది. మరణ ధ్రువీకరణ పత్రంలో ఇది చాలాసార్లు న్యుమోనియా అనో, కిడ్నీలు పాడయ్యాయనో, గుండె ఆగిందనో నమోదవుతుంది. అందుకే క్షయ గురించి, మలేరియా గురించి మాట్లాడినంతగా దీని గురించి మనం మాట్లాడుకోం. ఇక సమయం సంగతి. బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్లిన రోగులకు సరైన యాంటీబయోటిక్ ఒక్కో గంట ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గిందని 2006లో కెనడా, అమెరికా ఐసీయూల రికార్డులు పరిశీలించిన వైద్యులు చెప్పారు. 2017లో న్యూయార్క్ రాష్ట్రంలోని 149 ఆసుపత్రుల్లో, 49 వేల మందికి పైగా రోగుల వివరాలతో వచ్చిన అధ్యయనంలో ఆ తేడా అంత పెద్దగా కనిపించలేదు. కానీ దిశ మారలేదు: ఆలస్యమైన కొద్దీ మరణాలు పెరిగాయి. షాక్‌లో ఉన్న రోగికి గంట లోపల యాంటీబయోటిక్ మొదలుపెట్టాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇప్పటికీ చెబుతున్నాయి.

వెంటనే మందు ఇవ్వాలన్నది సరే, ఏ మందు అన్నది అసలు చిక్కు. ఎన్నో దశాబ్దాలుగా దానికి జవాబు బ్లడ్ కల్చర్ నుంచే వస్తోంది. పెద్దవాళ్లకైతే ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున, రెండు వేర్వేరు చోట్ల నుంచి రక్తం తీసి, పోషక ద్రవం ఉన్న సీసాల్లో పోసి, యంత్రంలో ఒంటి వేడి దగ్గర ఉంచుతారు. లోపల బ్యాక్టీరియా పెరిగితే వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను యంత్రం పసిగట్టి హెచ్చరిస్తుంది. ఇది చాలావరకు ఒకటి రెండు రోజుల్లో జరుగుతుంది. ఏమీ పెరగలేదని తేల్చడానికి మాత్రం 5 రోజులు చూస్తారు. పెరిగిన సీసాలోంచి చుక్క తీసి స్లైడు మీద చూసి, మళ్లీ పళ్లెంలో పెంచి, ఏ జీవి, ఏ మందు పనిచేస్తుంది అని తేల్చడానికి ఇంకో ఒకటి రెండు రోజులు. అంటే రోగి చేరిన మూడో రోజో నాలుగో రోజో పూర్తి రిపోర్ట్ వస్తుంది. ఈలోగా రోగి కోలుకుని ఉండొచ్చు, చనిపోయీ ఉండొచ్చు, లేదా వేరే ఊరికి వెళ్లిపోయి ఉండొచ్చు. పైగా సెప్సిస్ అని వైద్యులు గట్టిగా అనుకున్న రోగుల్లో కూడా కల్చర్ పాజిటివ్ వచ్చేది మూడో వంతు మందిలోనే. రక్తంలో ఒక్కో మిల్లీలీటరుకు ఒకటి నుంచి పది వరకు మాత్రమే బ్యాక్టీరియా ఉండటం అరుదేమీ కాదు. హడావుడిలో రెండు మిల్లీలీటర్లు తీసి, ఒక్క సీసాలో పోసి పంపితే దొరకాల్సినది కూడా దొరకదు.

మాలిక్యులర్ పరీక్షలు అడుగుపెట్టింది ఇక్కడే. 1983లో కారీ మల్లిస్ రూపొందించిన పీసీఆర్ పద్ధతి డీఎన్‌ఏ ముక్కను కోట్ల నకళ్లుగా పెంచుతుంది. కోవిడ్ రోజుల్లో ఆ పేరు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిపోయింది. ఒకేసారి అనేక సూక్ష్మజీవుల కోసం వెతికే ఇలాంటి పరీక్షను, అంటే ప్యానెల్‌ను, బ్లడ్ కల్చర్ సీసాల మీద వాడేందుకు బయోఫైర్ సంస్థకు 2013లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. 2020లో వచ్చిన దాని రెండో రూపం బ్యాక్టీరియా, ఫంగస్, మందులకు లొంగకుండా చేసే జన్యువులు అన్నీ కలిపి 43 లక్ష్యాలను సుమారు గంటలో చూస్తుంది. ఆ గంట గురించి మాత్రం రోగి బంధువులకు ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి. సీసాలో బ్యాక్టీరియా పెరిగి యంత్రం హెచ్చరించాక మొదలయ్యే గంట అది. అంతకుముందు సీసా యంత్రంలో గడిపే అర్ధరోజో, రోజో దానిలో కలవదు. రక్తం నుంచి నేరుగా, సీసాలో పెంచనక్కర్లేకుండా పట్టే పరీక్షలు కూడా ఉన్నాయి. 2018లో ఎఫ్‌డీఏ అనుమతించిన ఒకటి మూడు నుంచి ఐదు గంటల్లో ఫలితం ఇస్తుంది, కాకపోతే చూసేది ఐదు రకాల బ్యాక్టీరియాను మాత్రమే. ఇవేవీ కల్చర్ అవసరాన్ని తీసేయవు. జన్యువు కనిపిస్తే ఫలానా మందు పనిచేయదని తెలుస్తుంది. కనిపించకపోతే పనిచేస్తుందన్న భరోసా లేదు, ఎందుకంటే బ్యాక్టీరియా మందును తప్పించుకునే దారులన్నీ ఆ జాబితాలో ఉండవు. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ కూడా కనిపిస్తుంది, చర్మం మీది బ్యాక్టీరియా సీసాలో చేరినా కనిపిస్తుంది. ఈ పరిమితులన్నీ ఒప్పుకున్నాకే నా వాదన.

మొదటి మజిలీ అని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పడానికి ఒక అధ్యయనం చాలు. కెనడా, అమెరికాల్లోని ఏడు ఎమర్జెన్సీ విభాగాల్లో 325 మంది సెప్సిస్ రోగులకు యాంటీబయోటిక్ ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చిన రెండు గంటల లోపల మరోసారి బ్లడ్ కల్చర్ తీశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. ముందు తీసిన వాటిలో 31.4 శాతం పాజిటివ్ వస్తే, తర్వాత తీసిన వాటిలో 19.3 శాతమే వచ్చాయి. వాళ్లే రోగులు, అదే రోజు, మధ్యలో ఒక్క ఇంజెక్షన్ తేడా. ఇప్పుడు ఆ తేడాను గోల్‌బజార్ నుంచి కోల్‌కతా దాకా సాగదీసి చూడండి. నర్సింగ్ హోమ్‌లో మొదటి రోజు సెఫ్‌ట్రియాక్సోన్, రెండో రోజు దాన్ని ఆపి మెరోపెనెమ్, మూడో రోజు అంబులెన్సు. మన చిన్న ఊళ్ల నుంచి రిఫర్ అయ్యే రోగుల కాగితాల్లో మందుల పట్టిక పొడుగ్గా ఉంటుంది గానీ, మొదటి ఇంజెక్షన్‌కు ముందు తీసిన కల్చర్ రిపోర్ట్ ఉండటం అరుదు. అలా చేరిన రోగి రక్తాన్ని నగరంలోని ఐసీయూ ఎంత ఖరీదైన ప్యానెల్‌తో పరీక్షించాలన్నా ముందు సీసాలో ఏదో ఒకటి పెరగాలి కదా. మందులతో సగం అణిగిన బ్యాక్టీరియా సీసాలో పెరగకపోవచ్చు, ఒంట్లో మాత్రం పూర్తిగా పోదు. రక్తం నుంచి నేరుగా చేసే పరీక్షకు ఈ ఇబ్బంది కొంత తక్కువ. అయితే అది ఇంకా చాలా తక్కువ చోట్ల ఉంది, ఖర్చూ ఎక్కువ, చూసే జాబితా చిన్నది. కాబట్టి వేగవంతమైన పరీక్ష ఫలం దక్కాలంటే దానికి రక్తం అందించాల్సింది మొదటి ఆసుపత్రే.

పేరు తెలియకుండానే వైద్యం చేయగలిగిన కాలం ఒకటుండేది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనా విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడే, అక్కడి బెంజమిన్ డగ్గర్ చేతిలో ఆరియోమైసిన్ బయటపడింది. 1948లో వైద్యులకు అందిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అనేక రకాల బ్యాక్టీరియా మీద పనిచేయడమే దాని గొప్పతనం: ఏ జీవి అని తేలకముందే మొదలుపెట్టొచ్చు, చాలాసార్లు రోగి లేచి కూర్చునేవాడు. ఆ సౌలభ్యాన్ని మనం ఖర్చు చేసేశాం. ఐసీఎంఆర్ పర్యవేక్షణలోని పెద్ద ఆసుపత్రుల లెక్కల్లో, సెప్సిస్‌కు పెద్ద కారణాల్లో ఒకటైన క్లెబ్సియెల్లా నమూనాల్లో సగానికి పైగా కార్బపెనెమ్ మందులకు లొంగడం లేదు. మెరోపెనెమ్ ఆ కుటుంబంలోదే, మన ఐసీయూలలో చివరి ఆశగా వాడేదీ అదే. 2011 నుంచి 2014 వరకు ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డల మీద జరిగిన అధ్యయనంలో అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ.కొలి సెప్సిస్ కారకాల్లో ముందు వరుసలో నిలిచాయి. వాటిలో చాలావాటి మీద చాలా మందులు పనిచేయలేదు. నెలల బిడ్డ నుంచి పది మిల్లీలీటర్ల రక్తం తీయలేం. ఒక మిల్లీలీటరుతో కల్చర్ చేసి నాలుగు రోజులు ఎదురుచూడమని ఆ తల్లికి చెప్పడం ఎంత కష్టమో ఏ పిల్లల వార్డు నర్సును అడిగినా చెబుతుంది.

ఇలాంటి చోట జన్యువు పేరు తెలియడం అంకెల ఆట కాదు, నేరుగా మందు మారుతుంది. కార్బపెనెమ్‌ను విరగ్గొట్టే ఎంజైముల్లో మన దేశంలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు: 2009లో మొదట వివరించిన, న్యూఢిల్లీ పేరు తగిలించుకున్న ఎన్‌డీఎం, రెండోది ఆక్సా-48 జాతి. ఆక్సా-48 మాత్రమే ఉంటే సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే మందు సాధారణంగా పనిచేస్తుంది. ఎన్‌డీఎం ఉంటే అది ఒంటరిగా పనిచేయదు, దానికి ఆజ్‌ట్రియోనామ్ జతచేయాలి. ఈ రెండు దారుల్లో ఏది అన్నది మాలిక్యులర్ ప్యానెల్ సీసా పాజిటివ్ వచ్చిన గంటలో చెబుతుంది, మామూలు పద్ధతి రెండో రోజుకు చెబుతుంది. అలాగే సీసాలో పెరిగినది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనీ, మెథిసిలిన్‌కు లొంగే రకమే అనీ తెలిస్తే వాంకోమైసిన్ ఆపి, అంతకన్నా బాగా పనిచేసే చౌక మందుకు మారొచ్చు. తప్పు మందు ఇవ్వడం ఎంత ప్రమాదమో, అక్కర్లేని బలమైన మందును వారం రోజులు ఎక్కించడమూ రేపటి రోగికి అంతే ప్రమాదం. 2019లో మన దేశంలో దాదాపు 3 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమని అంచనా.

అయితే ఈ పరీక్షల వల్ల ప్రాణాలు నిలుస్తున్నాయన్న రుజువు ఎక్కడ అని వైద్యుల్లోనే అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2016లో రక్తం నుంచి నేరుగా చేసే మూడు రకాల పరీక్షలను పరిశీలించి, ఆసుపత్రుల్లో రోజువారీగా వాడమని చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 617 మంది రోగులతో జరిగి 2015లో వెలువడిన పరీక్షలో, మాలిక్యులర్ ప్యానెల్ వాడిన వర్గాల్లో బలమైన మందుల వాడకం తగ్గింది గానీ మరణాల్లో, ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, ఖర్చులో తేడా కనిపించలేదు. ఈ ఫలితాలను దాచి ఎవరైనా ఈ యంత్రాన్ని గొప్పచేసి చెబుతుంటే నమ్మకండి. కానీ మేయో క్లినిక్ ఉన్న ఊరిలో ఇలాంటి మొండి బ్యాక్టీరియా అరుదు. అక్కడ వైద్యుడు ఊహించి మొదలుపెట్టిన మందు చాలావరకు సరైనదే అవుతుంది, పరీక్ష వచ్చి దాన్ని తగ్గించడానికే పనికొస్తుంది. ఇక్కడ ఊహించి మొదలుపెట్టిన మందు తప్పే అవకాశం చాలా ఎక్కువ. ఊహ తప్పే చోట సమాచారం విలువ పెరుగుతుంది. దీన్ని ఇక్కడి ఆసుపత్రుల్లోనే పరీక్షించి నిరూపించాల్సి ఉంది. ఆ పని చేయకుండా అక్కడి ఫలితం చూపి ఇక్కడ వద్దనడం కుదరదు, అక్కడి ధర చూపి ఇక్కడ కొనిపించడం అంతకన్నా కుదరదు.

మేయో క్లినిక్ పరీక్షలో ఇంకో పాఠం ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అదే. అక్కడ రోగులను మూడు వర్గాలుగా విడదీశారు: మామూలు పద్ధతి, వేగంగా ఫలితం ఇచ్చేది, వేగంగా ఫలితం ఇస్తూ యాంటీబయోటిక్‌ల నిపుణుల బృందం ఏ వేళలోనైనా ఫోన్ చేసి సలహా ఇచ్చేది. అక్కర్లేని మందు తగ్గించడానికి మొదటి వర్గంలో 34 గంటలు, రెండో దానిలో 38 గంటలు పట్టాయి. మూడో దానిలో 21 గంటలే. అంటే ఆ విషయంలో యంత్రం ఒక్కటే ఉన్నప్పుడు ఏమీ తగ్గలేదు, ఫోన్ చేసే మనిషి తోడైనప్పుడే తగ్గింది. 2017లో 31 అధ్యయనాలను, 5,920 మంది రోగుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ కూడా ఇటే చూపింది. వేగవంతమైన పరీక్షకు నిపుణుల సలహా జతైన చోట మరణాల ముప్పు స్పష్టంగా తగ్గింది, సలహా లేని చోట తగ్గుదల గట్టిగా రుజువు కాలేదు. ఇది మనకు కొత్తేమీ కాదు. చాలా ఆసుపత్రుల్లో మైక్రోబయాలజీ ల్యాబ్ పగలే నడుస్తుంది. రాత్రి పదకొండింటికి తీసిన సీసా ఉదయం దాకా బల్ల మీదే ఉంటుంది. శనివారం సాయంత్రం తయారైన రిపోర్ట్ సోమవారం రౌండ్స్‌లో బయటపడుతుంది. గంటలో ఫలితం ఇచ్చే యంత్రాన్ని అలాంటి ల్యాబ్‌లో పెడితే ఆ గంట ఎవరికీ దక్కదు. మనిషి జీతానికి డబ్బు లేదంటూ యంత్రానికి టెండర్ పిలిచే అలవాటు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాతుకుపోయింది. దాన్ని గట్టిగా వ్యతిరేకించాలి.

ఖర్చు మాటకొస్తే, ఒక్కో ప్యానెల్‌కు నేడు వేల రూపాయలవుతుంది. దినసరి కూలీకే కాదు, పింఛనుతో బతికే రైల్వే రిటైర్డ్ ఉద్యోగికీ అది భారమే. రోగి జేబులోంచి తీయించే పద్ధతిలో అయితే దీన్ని నేను కూడా సమర్థించను. కానీ పరీక్ష ధర రాతిమీద రాత కాదు. క్షయకు వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ కార్ట్రిడ్జ్ ధర దాతల, ప్రభుత్వాల ఒత్తిడితో 2012లో పేద దేశాలకు 16.86 డాలర్ల నుంచి 9.98 డాలర్లకు దిగింది, 2023లో 7.97 డాలర్లకు వచ్చింది. మన దేశం సీబీనాట్ పేరుతో ఆ యంత్రాన్ని జిల్లాల్లోకి తీసుకెళ్లింది. గోవాలోని మోల్‌బయో తయారుచేసిన ట్రూనాట్‌కు 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కింది, అది చిన్న ఆరోగ్య కేంద్రాల్లో కూడా పనిచేస్తోంది. మాలిక్యులర్ పరీక్ష మహానగరాలకే చెల్లుతుందన్న మాట క్షయ విషయంలో ఎప్పుడో చెల్లిపోయింది. ఖరగ్‌పూర్‌కైతే ఇంకో సాక్ష్యం ఊళ్లోనే ఉంది. 2020లో ఇక్కడి ఐఐటీలో సుమన్ చక్రవర్తి, అరిందమ్ మండల్ బృందం కోవిర్యాప్ అనే చిన్న పెట్టెను తయారుచేసింది. ఒకే వేడి దగ్గర జన్యువును పెంచే పద్ధతితో గంటలో కోవిడ్ ఫలితం ఇచ్చే ఆ పరికరాన్ని ఐసీఎంఆర్ పరిశీలించి ఆమోదించింది. పెట్టె ధర పది వేల రూపాయల లోపు, ఒక్క పరీక్షకు ఐదు వందలకు అటూ ఇటుగా అని అప్పుడు చెప్పారు. గొంతులోంచి తీసిన నమూనాలో వైరస్‌ను పట్టడానికీ, మిల్లీలీటరు రక్తంలో నాలుగైదు బ్యాక్టీరియాను పట్టడానికీ చాలా తేడా ఉంది, రెండోది ఎన్నో రెట్లు కష్టం. అయినా పాజిటివ్ వచ్చిన సీసాలోంచి ఎన్‌డీఎం, ఆక్సా-48 లాంటి కొన్ని జన్యువులను మాత్రమే చూసే చౌక పరీక్ష అంత అసాధ్యం కాదు, ఎందుకంటే ఆ సీసాలో బ్యాక్టీరియా అప్పటికే కోట్లలో ఉంటుంది. 43 లక్ష్యాల ప్యానెల్ మనకు ప్రతిసారీ అక్కర్లేదు. మన వార్డుల్లో నిర్ణయాన్ని మార్చే ఐదారు జవాబులు చాలు.

ఈ ప్యానెళ్లు ఎవరి జబ్బులను చూసి తయారయ్యాయి అన్నది దీనికి ముడిపడిన మాటే. వానలు పడ్డాక ఈ ప్రాంతంలో, ఒడిశాలో, ఉత్తరాంధ్రలో తీవ్ర జ్వరంతో ఐసీయూ చేరేవాళ్లలో స్క్రబ్ టైఫస్ రోగులు తక్కువేమీ కాదు. చిన్న పురుగు కాటుతో వచ్చే ఆ జబ్బు మామూలు బ్లడ్ కల్చర్‌లో పెరగదు, పైన చెప్పిన ప్యానెల్ జాబితాలోనూ లేదు. మట్టిలోంచి, నీటిలోంచి వచ్చి ముఖ్యంగా షుగర్ రోగులను పడగొట్టే మెలియోయిడోసిస్ బ్యాక్టీరియా కూడా ఆ జాబితాలో లేదు. ప్యానెల్ నెగెటివ్ వచ్చింది కదా అని డాక్సీసైక్లిన్ ఆపేస్తే ఒక ప్రాణం పోవచ్చు. తీవ్ర స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇస్తే మేలని వేలూరు సీఎంసీ వైద్యుల నేతృత్వంలో మన దేశంలోనే జరిగి, 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. మన జబ్బుల గురించిన ప్రశ్నలకు మన ఆసుపత్రులే జవాబులు రాబట్టగలవని దాంతో తేలింది. మన పరీక్ష జాబితాను కూడా మనమే రాసుకోవాలి. కొనేముందు కంపెనీని అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇందులో మా ఊరి జ్వరాలు ఉన్నాయా అన్నదే.

శుభ్రమైన నీళ్లు, చేతులు కడుక్కునే సబ్బు, వార్డుకు సరిపడా నర్సులు లేని చోట జన్యు పరీక్షలెందుకన్న అభ్యంతరం కూడా వింటుంటాం. సబ్బు ముందే రావాలి, అందులో వాదన లేదు. రక్తనాళంలో వేసిన గొట్టాలను శుభ్రంగా చూసుకుంటే ఐసీయూలలో వచ్చే రక్త ఇన్‌ఫెక్షన్లు చాలా వరకు రాకుండానే పోతాయి. కానీ వచ్చినవాళ్లను ఏం చేయాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది. పైగా ఏ వార్డులో ఏ మొండి బ్యాక్టీరియా తిరుగుతోందో త్వరగా తెలిస్తేనే ఎక్కడ చేతులు కడగడం తప్పుతోందో కూడా తెలుస్తుంది. ఈ రెండు పనులనూ ఒకదానికొకటి పోటీగా నిలబెట్టడం సరికాదు.

ఖరగ్‌పూర్‌కు నేను కోరేది పెద్ద భవనమేమీ కాదు. ఊళ్లో ఏ ఆసుపత్రిలో ఏ యంత్రం ఉందన్న లెక్క కన్నా, రాత్రి తీసిన సీసా ఎంతసేపట్లో యంత్రంలోకి వెళ్తుంది, అది పాజిటివ్ వచ్చిందని ఎవరికి ఫోన్ వెళ్తుంది అన్న లెక్క ముఖ్యం. ఊళ్లో రైల్వే ఆసుపత్రి, సబ్‌డివిజనల్ ఆసుపత్రి, ఐఐటీ ఆసుపత్రి ఉన్నాయి. పదిహేను కిలోమీటర్ల లోపే మిడ్నాపూర్ మెడికల్ కాలేజీ ఉంది. ఒకటి కేంద్ర రైల్వేది, ఒకటి రాష్ట్రానిది, ఒకటి విద్యాసంస్థది అన్న గోడలు రోగి రక్తానికి అడ్డం రాకూడదు. కల్చర్ సీసాలు పెట్టే యంత్రం ఊళ్లో రాత్రీపగలూ నడవాలి, నర్సింగ్ హోమ్‌లు కూడా అక్కడికే సీసాలు పంపగలగాలి. పాజిటివ్ వచ్చిన సీసా మాత్రమే ఉమ్మడి మాలిక్యులర్ ల్యాబ్‌కు వెళ్లాలి, అది మిడ్నాపూర్‌లో ఉన్నా నష్టం లేదు. సగం స్పృహలో ఉన్న రోగి ప్రయాణించే బదులు ఒక సీసా పదిహేను కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఫలితం రాగానే మందు మార్చమని చెప్పగల మైక్రోబయాలజిస్టు ఫోన్‌లో ఉండాలి. ఈ పరీక్ష ఖర్చు రోగి బిల్లులో కాకుండా రైల్వే వైద్య బడ్జెట్‌లో, రాష్ట్ర ఆరోగ్య బీమాలో భాగం కావాలి. మొదటి రెండేళ్లు ఎంతమందికి మందు మారింది, ఎన్ని గంటల్లో మారింది, ఎంతమంది బతికారు అన్నది లెక్కగట్టి బయటపెట్టాలి. ఫలితం లేదని తేలితే ఆపేయాలి, ఆ మాట కూడా బయటకు చెప్పాలి. ఆగ్నేయ రైల్వే, రాష్ట్ర ఆరోగ్య శాఖ, ఐఐటీ ఒక బల్ల దగ్గర కూర్చుంటే అయ్యే పని ఇది. తెలుగుకు అధికార భాష హోదా కావాలని అడిగి, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం చేత అవుననిపించుకున్న సమాజం, దీన్ని కూడా అర్జీ పెట్టి అడగగలదు.

ఆ రోజు వచ్చేలోగా ఇంట్లోవాళ్లు చేయగలిగినది ఒకటుంది. తీవ్ర జ్వరంతో, ఆయాసంతో, మగతతో, మూత్రం తగ్గిపోయి ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు, మొదటి యాంటీబయోటిక్ ఎక్కించకముందు కల్చర్‌కు రక్తం తీశారా అని మర్యాదగా అడగండి. తీయడానికి కొద్ది నిమిషాలు చాలు. అక్కడ ఆ సౌకర్యం లేకపోతే మాత్రం దానికోసం మందు ఆపమనకండి. రిఫర్ చేస్తే ఏ మందు ఏ గంటకు ఇచ్చారో, కల్చర్ ఏ ల్యాబ్‌కు పంపారో కాగితం మీద రాయించుకుని, ఆ ల్యాబ్ ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. మీరు కోల్‌కతా చేరాక కూడా ఆ రిపోర్ట్ వస్తుంది, అక్కడి వైద్యుడికి అది కావాలి.